తొమ్మిదింటిలో ఒకటి పోతే



ఈ రోజు నేను మాట్లాడబోయేది మతిమరుపు జబ్బు ఉన్న ఇళ్ల గురించి. డాక్టర్లు దీన్ని డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. మన వైపు దీన్ని జబ్బుగా లెక్కపెట్టేవాళ్లే తక్కువ. "పెద్దతనం కదా, మతి నిలుస్తలేదు" అనుకుని ఊరుకుంటాం. సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే పక్కన ఏ ఊళ్లో దిగినా, మిర్యాలగూడ వైపు కాలువ వెంట ఏ వాడకు పోయినా, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను అడిగిందే అడిగే పెద్దమ్మ ఒకరు కనిపిస్తారు. కట్టుకున్నామెను చూసి "ఈమె ఎవరు?" అనే పెద్దాయన ఒకరు కనిపిస్తారు. దేశమంతా తిరిగి సర్వే చేసి 2023లో ప్రచురించిన లెక్క ప్రకారం, మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి ఈ జబ్బు ఉంది. అంటే సుమారు 88 లక్షల మంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ అని కూడా ఆ లెక్క చెప్పింది.

ఆ 88 లక్షల మందికీ అన్నం కలిపి పెట్టేవాళ్లు, స్నానం చేయించేవాళ్లు, రాత్రి తలుపు గడియ సరిచూసుకుని పడుకునేవాళ్లు ఇంకెవరో ఉంటారు. వాళ్లు ఏ లెక్కలోకీ రారు. నేను వాళ్లలో ఒకణ్ణి. ఇలాంటి ఇంట్లో ఆనందం ఉంటుందా అని నన్ను చాలామంది అడిగారు. ఉంటుందనే చెబుతాను. అది నాకు నా భక్తిలో నుంచి వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పడానికే ఈ ప్రసంగం.

నేను కోదాడలో తెలుగు పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. మా ఆవిడ పుట్టిల్లు మిర్యాలగూడ. వాళ్ల నాయిన అక్కడ రైసు మిల్లులో గుమాస్తా. ధాన్యం ఉడికే వాసన వస్తే చాలు, ఇప్పటికీ ఆమె ముఖం విప్పారుతుంది. జబ్బు చడీచప్పుడు లేకుండా వచ్చింది. కూరలో ఉప్పు రెండోసారి పడేది. పోపుల డబ్బా ఫ్రిజ్‌లో దొరికేది. తర్వాత ఓ రోజు కూరగాయలకని పోయి, ఏళ్ల తరబడి నడిచిన వీధిలోనే ఇల్లెటో తెలియక నిలబడిపోయింది. సూర్యాపేటలో డాక్టరు ముందుగా థైరాయిడ్, బి12 పరీక్షలు రాశారు. అవి తగ్గినా మతిమరుపు వస్తుందట, మందులు వాడితే ఆ రకం బాగైపోతుందట. అందుకే చెబుతున్నాను, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే "వయసు" అని వదిలేయకండి, ముందు ఆ పరీక్షలు చేయించండి. మా ఆవిడకు అవి బాగానే ఉన్నాయి. హైదరాబాదుకు పంపారు. అక్కడ స్కానింగ్ అయ్యాక కాగితమిచ్చి గడియారం బొమ్మ వేయమన్నారు. గుండ్రంగా చక్కగా గీసింది. అంకెలు వేయాల్సిన చోట ముగ్గు చుక్కలు పెట్టింది. పెట్టి, బాగుందా అన్నట్టు నా వైపు చూసింది.

ఈ జబ్బును మొదట గుర్తించిన కథలోనూ ఒక భార్యాభర్తలే ఉన్నారు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రైల్వే ఉద్యోగి, యాభై ఏళ్లు దాటిన తన భార్యను ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఆమె పేరు ఆగస్టె డేటర్. తన పేరు రాయమంటే మధ్యలోనే మరిచిపోయేది. ఆమెను చూసిన డాక్టరు పేరు అలోయిస్ అల్జీమర్. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. అందులో పేరుకుపోయిన ముద్దలు, చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. ఇది మెదడుకు వచ్చిన జబ్బని అప్పుడు తేలింది. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర ఇంకా "ఎవరో ఏదో చేసిండ్రు" అనేవాళ్లున్నారు. మా ఇంటికీ వచ్చారు. ఒకరు తాయెత్తు తెచ్చారు, ఒకరు ఫలానా చోట నిమ్మకాయలు తిప్పించమన్నారు. ఒకాయన, చదువుకున్నాయనే, పూర్వజన్మ పాపమన్నాడు. ఆ మాట నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నలభై ఏళ్లకు పైగా ఆకలితో వచ్చినవాణ్ణి గడప నుంచి తిప్పి పంపని మనిషికి ఏ జన్మ పాపం అంటగడతారు? మనిషిని ఓదార్చలేని మాట భక్తిమాట కాదు. అలా అన్నవాళ్లకు నేను మంచినీళ్లిచ్చి పంపాను.

మొక్కులు మాత్రం మొక్కాను. నయం చెయ్యి స్వామీ అని మొదట్లో రోజూ అడిగాను. అడగడంలో తప్పు లేదు. బిడ్డలం, అడుగుతాం. కానీ ఈ జబ్బు వెనక్కి పోదు, మందులు దాన్ని కొంత నెమ్మది చేస్తాయంతే. ఏ రోజుకారోజు ఆమెలో ఏదో ఒకటి తరిగిపోతున్నది. రోజూ అదే కోరిక కోరుతూ, రోజూ అది తీరలేదని లెక్క వేసుకుంటూ పూజగదిలో కూర్చోవడం దేవుడితో తగాదాలాగే ఉండేది. అక్కణ్ణుంచి నన్ను బయటికి తెచ్చింది నేను ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠమే.

మన కృష్ణ ఒడ్డంతా నరసింహుడిదే. మట్టపల్లిలో ఆయనే, వాడపల్లిలో ఆయనే, ఇటు అర్వపల్లిలోనూ ఆయనే. నరసింహుడున్న చోట ప్రహ్లాదుడుంటాడు. భాగవతం ఏడో స్కంధంలో, గురువుల దగ్గర ఏం చదివావురా అని తండ్రి అడిగితే ఆ పిల్లవాడు తొమ్మిది రకాల భక్తి చెబుతాడు. వినడం, పాడడం, తలచుకోవడం, పాదసేవ, అర్చన, నమస్కారం, దాస్యం, స్నేహం, తన్ను తాను ఇచ్చేసుకోవడం. బమ్మెర పోతన్న తెలుగు చేసిన ఆ ఘట్టం క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లలు వేళ్లు ముడిచి లెక్కపెట్టేవాళ్లు. ఒక తెల్లవారుజామున మా ఆవిడకు ముఖం కడిగిస్తూ నేనూ లెక్కపెట్టాను. ఈ తొమ్మిదింటిలో జ్ఞాపకంతో పనిబడేది ఒక్కటే. స్మరణ. ఆమెకు పోయింది ఆ ఒక్కటి. ఆమె వింటున్నది. పాడుతున్నది. చేతులు జోడించమంటే జోడిస్తున్నది. దగ్గర కూర్చుంటే భుజం మీద తల ఆనిస్తున్నది, అది స్నేహం కాక మరేమిటి? ఇంక నా వైపు చూస్తే, ఆమె పాదాలు కడుగుతున్నది నేను. ఏం కట్టించినా, ఏం తినిపించినా ఆమె చేత మెప్పు పొందాలన్న ఆశ లేకుండా చేస్తున్నది నేను. దాస్యం అంటే ఏమిటో పిల్లలకు అర్థం చెప్పినవాణ్ణే గానీ చేసి చూడని వాణ్ణి. దేవుడు దాన్ని మా ఇంటికే పంపాడు.

గుళ్లో స్వామికి ఏం చేస్తాం? తెల్లవారుతూనే మేలుకొలుపుతాం. స్నానం చేయిస్తాం. బట్టలు కడతాం, పూలు పెడతాం. నైవేద్యం పెట్టి తినమని వేడుకుంటాం. రాత్రి పవ్వళింపు చేస్తాం. ఆయన ఒక్క మాట మాట్లాడడు. నువ్వెవరివని గుర్తుపట్టినట్టు కనబడడు. అయినా ఏ పూజారీ నొచ్చుకోడు, తరతరాలుగా చేస్తూనే ఉన్నారు, చేసి సంతోషంగా ఇంటికి పోతున్నారు. మా ఇంట్లో నేను చేసే పనులూ అవే, ఆ వరుసలోనే. ఇది తట్టిన రోజు నుంచి పొద్దున లేవడం నాకు బరువుగా లేదు.

వాడపల్లి పోయినవాళ్లకు తెలుస్తుంది. కృష్ణలో మూసీ కలిసే చోట, దామరచర్ల మండలంలో ఉంది ఆ క్షేత్రం. గర్భగుడిలో స్వామి ముఖానికి ఎదురుగా ఒక దీపం, కింద పాదాల దగ్గర ఒక దీపం ఉంటాయి. పాదాల దగ్గరి దీపం నిలకడగా వెలుగుతుంది. ముఖం దగ్గరిది అదురుతూ ఉంటుంది. స్వామి ఊపిరికే అలా కదులుతుందని అక్కడి నమ్మకం. చిన్నప్పుడు మా నాయిన ఎత్తుకుని చూపించాడు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, మా ఆవిడ ఊపిరి తీస్తున్నదో లేదో అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసినప్పుడు నాకు ఆ దీపం యాదికొస్తుంది. వెచ్చగా ఊపిరి వేళ్లకు తగులుతుంది. ఆ క్షణంలో కలిగే సంతోషం ఇంత అని చెప్పలేను. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఏ రాత్రీ ఆమె ఊపిరిని గమనించి దేవుడికి దండం పెట్టుకోలేదు.

ఇప్పుడు చీర సంగతి చెప్పాలి. పిల్లలు నైటీ వేయమన్నారు. వీలుగానే ఉంటుంది, రాత్రిళ్లు వేస్తాను. కానీ పొద్దున స్నానమయ్యాక ఆమె మంచం మీద కూర్చుని ఒడిలో దేన్నో వెతుక్కునేది. ఏమిటా అని చూస్తే, కొంగు. నడుముకు దోపుకోవడానికి కొంగు లేదు. మా మరదలిని పిలిపించి కుచ్చిళ్లు పెట్టడం నేర్చుకున్నాను. అంత తేలిక కాదు. పైట కొలత కుదిరితే కుచ్చిళ్లు చాలవు, కుచ్చిళ్లు కుదిరితే అంచు ఎత్తిపోతుంది. మొదటిసారి నేను పెట్టినవి చూసుకుని ఆమె నవ్వింది. ఈ ఏడాది ఏదో, పండుగ ఏదో చెప్పలేని మనిషి, నా చేతిలోంచి చీర లాక్కుని బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య చకచకా ఆడించి, ఒక్కటి కూడా ఎగుడుదిగుడు లేకుండా మడతలు తీసింది. తీసి, నా చేతిలో పెట్టి, "ఇట్ల" అంది. అప్పట్నుంచి రోజూ నేను కావాలనే కొంచెం సగంలో ఆపుతాను. ఆమె అందుకుంటుంది. పొద్దున మా ఇద్దరికీ అదొక వేడుక.

డాక్టర్లను అడిగితే దీనికి కారణం చెప్పారు. నిన్నటి సంగతులను దాచిపెట్టే మెదడు భాగాన్ని ఈ జబ్బు ముందుగా పట్టుకుంటుంది. చేతులకు అలవాటైన పనులు, పాటలు వేరే భాగాల్లో ఉంటాయి. అక్కడికి అది ఆలస్యంగా చేరుతుంది. పాత సంగతులూ కొత్తవాటి కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత తమ వైపు కాలువ నిండుగా పారిన ఏడు, ఆడపిల్లలంతా గట్టు మీదికి ఉరికి పసుపు కుంకుమలు చల్లిన సంగతి ఆమె ఇవాళ్టికీ చెబుతుంది. మధ్యాహ్నం తిన్నదేమిటో చెప్పలేదు. బతుకమ్మ పండుగనాడు తంగేడు, గునుగు, బంతి తెచ్చి తాంబాళం ముందు కూర్చోబెడితే, మేమెవరం ఏమీ చెప్పకుండానే వరుస మీద వరుస పేర్చుకుంటూ పోతుంది. పసుపు ముద్ద తడిపి చేతిలో పెడితే గౌరమ్మను చేస్తుంది. వాడలో ఆడవాళ్లు చుట్టూ తిరుగుతుంటే ఆమె చప్పట్లు ఎక్కడా తాళం తప్పవు. తన బిడ్డల పేర్లు కలగాపులగమైన మనిషికి అన్ని పాటలూ చరణాలతో సహా వస్తాయి. మన పెద్దలు పండుగలను పుస్తకాల్లో పెట్టకుండా చేతుల్లో, కాళ్లలో, గొంతులో పెట్టారు. ఇలాంటి రోజులకు కూడా పనికొస్తాయని వాళ్లు అనుకుని ఉండరు.

నాకు అన్నిటికంటే కష్టమైన వేళ సాయంత్రం. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి పొద్దుగూకేటప్పుడు కలవరం ఎక్కువవుతుంది. మా ఆవిడ చీకటి పడుతుండగా లేచి నిలబడుతుంది. ఉన్న ఇల్లు తనది కాదనిపిస్తుంది. నన్ను ఒక్కోరోజు నాయినా అంటుంది, ఒక్కోరోజు సారూ అంటుంది. "సారూ, పొద్దుగూకుతున్నది, మా అమ్మ ఎదురుచూస్తది, నన్ను మిర్యాలగూడ బస్సెక్కియ్యి" అంటుంది. వాళ్లమ్మ కాలం చేసి ఎన్నో ఏళ్లయింది. ఆ మాట చెబితే ఆమెకు అది ఆ క్షణాన విన్న కొత్త చావు అవుతుంది. అందుకని చెప్పను. "ఎక్కిస్తా. దీపం పెట్టి పోదాం" అంటాను. దీపం అనగానే ఆమె కొంగు సర్దుకుంటుంది. ఇద్దరం పూజగదిలోకి పోతాం. వత్తి నేను వేస్తాను, నూనె నేను పోస్తాను, అగ్గిపుల్ల నేనే గీస్తాను. ఆమె చెయ్యి నా చేతి మీద ఉంటుంది. ఆమె తలవంచి దండం పెడుతుంది, నేను నామం చెబుతాను, ఆమె అందుకుంటుంది. కాసేపటికి భుజాలు దిగుతాయి, శ్వాస నెమ్మదిస్తుంది. బస్సు మాట మరిచిపోతుంది. కొన్ని రోజులు మరిచిపోదు కూడా. అప్పుడు చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి వస్తాం.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. దీపం దగ్గర మనిషి పక్కనే ఉండాలి, పైట కొంగు చూసుకోవాలి. కర్పూరం, అగరొత్తులు, అగ్గిపెట్టె అందేచోట ఉంచకూడదు. పటికబెల్లమనుకుని కర్పూరం నోట్లో వేసుకుంటే అది విషం. పూజ అయ్యాక అన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తాను.

ఆమె సంతోషపడి మరునిమిషమే మరిచిపోతుంటే ఏం లాభం అని మా చిన్నవాడు ఒకసారి అడిగాడు. అమ్మ మీద ప్రేమతోనే అడిగాడు. దానికి జవాబు అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. అల్జీమర్స్ ఉన్నవాళ్లకు సంతోషం కలిగించే సినిమా ముక్కలు కొన్ని, దుఃఖం కలిగించేవి కొన్ని చూపించారు. కాసేపయ్యాక ఏం చూశారని అడిగితే వాళ్లు సరిగా చెప్పలేకపోయారు. అయినా చూసినప్పుడు కలిగిన సంతోషం, దుఃఖం మాత్రం వాళ్లలో ఇంకా ఉన్నాయి. ఎందుకు సంతోషంగా ఉందో తెలియదు, సంతోషం మాత్రం ఉంది. కసిరితే కసిరిన మాట మరిచిపోతారు, మనసు మాత్రం చాలాసేపు చిన్నబోయే ఉంటుంది. కాబట్టి మా ఇంట్లో పెట్టిన దీపం వృథా కాదు, పాడిన పాట వృథా కాదు. రాత్రి ఆమె హాయిగా నిద్రపోతే ఆ హాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆమెకు తెలియకపోతేనేం?

ఇంకో పరిశోధన మన హైదరాబాద్‌దే. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా ఈ జబ్బు బయటపడిందని తేలింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ కలగలిసిన మన ఊళ్లకు ఇది సంతోషకరమైన కబురు. మా ఆవిడకు ఉర్దూ వచ్చు, పక్కింటివాళ్లతో ఆడుకుంటూ నేర్చింది. వాళ్లతో కలిసి పాలకీడు దగ్గర జాన్‌పహాడ్ దర్గాకు పోయేవాళ్లట. జనవరిలో అక్కడ ఉర్సు జరుగుతుంది, మొక్కులు తీర్చుకునే వాళ్లలో హిందువులే ఎక్కువ కనబడతారు. ఆ దర్గాలోని సైదులు పేరు పెట్టుకున్నవాళ్లు మన వైపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ నాటి స్నేహితురాలు మొన్న చూడ్డానికి వచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టి దువా చదివింది. మా ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. అయ్యాక ఉర్దూలోనే, చాయ్ తాగి పొమ్మంది. మా ఇంటికి మర్యాద నేర్పిన మనిషి లోపల ఎక్కడికీ పోలేదు.

సూర్యాపేటలో నాకు తెలిసిన ఒక క్రైస్తవ కుటుంబం ఉంది. అక్కడ జబ్బు పడ్డది భర్త, చూసుకునేది భార్య. ఆయన సంఘంలో పాటలు పాడించేవారు. ఇప్పుడు మాట తడబడుతుంది గానీ ఆమె కీర్తన ఎత్తుకుంటే గొంతు కలుపుతారు. నేను వెళ్లినప్పుడల్లా మేమిద్దరం మా మా ఇళ్ల కబుర్లు చెప్పుకుంటాం. ఆమె ద్వారానే రాబర్ట్‌సన్ మెక్‌విల్కిన్ అనే ఆయన సంగతి తెలిసింది. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రంలో ఒక పెద్ద బైబిల్ కాలేజీకి అధ్యక్షుడు. భార్య మ్యూరియెల్‌కు అల్జీమర్స్ వస్తే, ఆమెను చూసుకోవడానికి 1990లో పదవి వదులుకున్నారు. 2003లో ఆమె పోయేదాకా తానే చూసుకున్నారు. చేయక తప్పదు కాబట్టి చేస్తున్నానని ఆయన అనుకోలేదట, ఇది తనకు దక్కిన అవకాశమని రాశారు. దేశాలు వేరు, దేవుళ్ల పేర్లు వేరు. ఆ మాట మాత్రం నాకు మా కోదాడలో ఎవరో చెప్పినట్టే ఉంది.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను మగవాణ్ణి కాబట్టి, భార్యకు తల దువ్వితే ఊరంతా దేవుడన్నది. అదే పని ఆడవాళ్లు చేస్తే ఎవరూ చూడరు. అది వాళ్ల ధర్మమంటారు, పతివ్రత అంటారు, కోడలు కాబట్టి చేయాలంటారు. భక్తి పేరు చెప్పి ఒక్క మనిషి మీద ఇంత బరువు వేయడం అన్యాయం. నేను చెప్పే ఆనందం నిద్ర చాలని మనిషికి దొరకదు. జబ్బున్నవాళ్లు రాత్రి నాలుగుసార్లు లేస్తారు. ఒక్కోసారి తిడతారు, గిల్లుతారు, కట్టిన బట్ట విప్పేస్తారు. చూసుకునేవాళ్లకు కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. అది భక్తి తక్కువై కాదు, ఒళ్లు అలసి. మా ఇంట్లో ఒక అమ్మాయి పగలు సాయానికి వస్తుంది, మరదలు వారానికోసారి వచ్చి రాత్రి ఉంటుంది, ఆ రాత్రి నేను వేరే గదిలో పడుకుంటాను. కొడుకులు, బిడ్డలు పంచుకోవాలి, డబ్బుతోనే కాదు, వచ్చి కూర్చుని. మనసు మరీ కుంగితే టెలిమానస్ ఉంది, 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. పెద్దవాళ్ల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567. ఈ జబ్బు మీద పనిచేయడానికే 1992లో కేరళలో పుట్టిన ఏఆర్‌డీఎస్ఐ అనే సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది.

ఇక జాతరల సంగతి. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతరకు మేం రెండేళ్లకోసారి తప్పకుండా పోయేవాళ్లం. లక్షల జనం, డప్పులు, హైవే మీద బండ్లన్నీ దారి మళ్లించాల్సినంత రద్దీ. ఇప్పుడు ఆ జనంలోకి ఆమెను తీసుకుపోను. ఈ జబ్బున్నవాళ్లు చప్పుడుకు బెదిరిపోతారు, చెయ్యి జారితే క్షణంలో కనబడరు. తప్పనిసరైతే జాకెట్టు లోపల పేరు, ఫోన్ నంబరు కుట్టిన గుడ్డముక్క ఉండాలి. దానికి బదులు మామూలు రోజుల్లో పిల్లలమర్రి పోతాం. కాకతీయుల కాలంలో, ఎనిమిది వందల ఏళ్ల కింద రేచర్ల వంశంవాళ్లు కట్టించిన గుళ్లు అవి. అందులో ఎరకేశ్వరాలయం 1208లో ఎరకసానమ్మ అనే ఇల్లాలు కట్టించింది. మధ్యాహ్నం పూట జనం ఉండరు. నల్లరాతి స్తంభాలు చల్లగా ఉంటాయి. మా ఆవిడ వాటి మీద చెక్కిన బొమ్మలను ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోతుంది. నేను వెనక నడుస్తాను. తొందర లేదు.

చివరగా గుడి కమిటీలకు, చర్చి పెద్దలకు, మసీదు కమిటీలకు నాదొక విన్నపం. మీ దగ్గరికి ఒకప్పుడు ప్రతివారం వచ్చి, ఈ మధ్య కనబడకుండా పోయిన పెద్దవాళ్లు ఎవరెవరో మీకు తెలుసు. వాళ్ల ఇళ్లకు పోయి చూడండి. ఆ జంటలో ఒకరు జబ్బుతో, మరొకరు వాళ్లను విడిచి రాలేక ఆగిపోయి ఉంటారు. రద్దీ లేని వేళ ఒకటి చెప్పి, వాళ్లను నేరుగా లోపలికి రానివ్వండి, వరుసలో నిలబెట్టకండి. మధ్యలో లేచి అరిచినా, చెప్పులతో వచ్చినా కసరకండి. ఇంకా వీలైతే, ఇద్దరు కుర్రవాళ్లనో ఇద్దరు ఆడబిడ్డలనో వారానికి ఒక గంట ఆ ఇంట్లో కూర్చోబెట్టండి. ఆ గంటలో, జబ్బుమనిషిని చూసుకునే ఇల్లాలు ఒంటరిగా వచ్చి, తన కోసం తాను ఒక దీపం పెట్టుకుని పోతుంది. కోదాడలో మేం కొందరం ఈ పని మొదలుపెడుతున్నాం. సూర్యాపేటలో, మిర్యాలగూడలో ఎవరైనా ముందుకొస్తే, చీర కుచ్చిళ్లు పెట్టడం దగ్గర్నుంచి నాకు వచ్చిందంతా నేర్పడానికి వస్తాను.